పెద్ద ఆర్సీ ట్యాంకు: రెడీమేడ్ కొనాలా, కిట్టు కట్టాలా, మనమే చేసుకోవాలా

మొన్న మా వరంగల్ హంటర్ రోడ్డులో టీ తాగుతుంటే తెలిసిన తమ్ముడొకడు ఫోన్‌లో ఆర్సీ ట్యాంకులు, అంటే రిమోట్‌తో తోలేవి, ముందుపెట్టి "అన్నా, ఈ మూడింట్ల ఏది తీసుకోవాలె" అని అడిగాడు. ఒకటి చైనా కంపెనీ హెంగ్‌లాంగ్ రెడీమేడ్ టైగర్ (రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకు), ఇంకొకటి జపాన్ కంపెనీ తమియా కిట్టు, అంటే ముక్కలు మనమే బిగించుకునేది, మూడోది ఇంగ్లండ్‌లో ఎవరో మీటరు పొడుగు ఇనుప ట్యాంకును తోటలో తోలుతున్న వీడియో. వాడి దృష్టిలో మూడూ ట్యాంకులే, ధరలే వేరు. నేనేమో టీవీఎస్ ఎక్సెల్‌నీ, కారునీ, లారీనీ పక్కపక్కన పెట్టి ఏది కొనాలని అడిగినట్టు చూశాను. ఆ రోజు గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇదే ప్రశ్న నెలకోసారైనా ఎవరో ఒకరు అడుగుతున్నారు.

ముందు స్కేలు సంగతి. 1/16 అంటే అసలు ట్యాంకులో పదహారో వంతు. టైగర్-1 బాడీ పొడవు దాదాపు 6.3 మీటర్లు, కాబట్టి మోడల్ బాడీ 40 సెంటీమీటర్ల దగ్గర, ముందుకు పొడుచుకొచ్చిన గన్‌తో కలిపితే 53 దాకా వస్తుంది. టీవీ కింద అరలో పడుతుంది, చంకలో పెట్టుకుని స్కూటీ మీద పోవచ్చు. 1/6కి వెళితే అదే టైగర్ గన్‌తో కలిపి 1.4 మీటర్లు, వెడల్పే రెండు అడుగుల పైన. పొడవు రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ పెరిగింది అంతే కదా అనిపిస్తుంది కానీ, పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పెరుగుతాయి కాబట్టి పరిమాణం పంతొమ్మిది రెట్లు అవుతుంది. అసలు టైగర్ 57 టన్నులు. లెక్క ప్రకారం 1/16 మోడల్ 14 కిలోలు ఉండాలి, 1/6ది 260 కిలోల పైన ఉండాలి. బొమ్మలు లోపల డొల్ల కాబట్టి అంత ఉండవు, కానీ మెటల్ 1/6 ట్యాంకును ఒక్కడు ఎత్తే ముచ్చటే లేదు.

అందుకే ఆ మూడోదాన్ని, వీడియోలోని పెద్దదాన్ని, ముందే పక్కన పెట్టేద్దాం. ఆర్మర్‌టెక్ లాంటి కంపెనీల 1/6 మెటల్ కిట్లు నిజంగా అద్భుతమే, నాక్కూడా చూస్తే నోరూరుతుంది. కానీ ఖర్చు లక్షల్లో, సముద్రం దాటి రావాలి, ఇంట్లో కింది అంతస్తు ఉండాలి, బయటికి తీయాలంటే ట్రాలీ ఆటో మాట్లాడుకోవాలి. మన దగ్గర అద్దె ఇళ్లలో రెండో అంతస్తు మెట్ల మలుపు దగ్గరే దాని కథ ముగుస్తుంది. సొంత ఇల్లు, షెడ్డు, వెల్డింగ్ తెలిసిన స్నేహితుడు, మూడూ ఉన్నవాళ్లు ఇది చదవాల్సిన అవసరం కూడా లేదు, వాళ్లకు నాకంటే బాగా తెలుసు.

ఇక మనకు అందేవి మూడు దారులు. చైనా రెడీమేడ్, జపాన్ కిట్టు, సొంత తయారీ.

హెంగ్‌లాంగ్ గురించి మన ఆర్సీ గ్రూపుల్లో చాలామంది తక్కువ చేసి మాట్లాడతారు, "బొమ్మ" అని. నేను ఒప్పుకోను. 1/16లో తిరిగే టరెట్టు (గన్ను ఉండే పైభాగం), పైకీ కిందికీ లేచే గన్ను, ఇంజిన్ శబ్దం, పొగ, అన్నీ పెట్టెలోనే వస్తాయి, రిమోట్‌తో సహా. ఛార్జింగ్ పెట్టి అరగంటలో వాకిట్లో తోలొచ్చు. డ్యూటీ, షిప్పింగ్ కలపకుండా పది నుంచి ఇరవై వేల మధ్యలో దొరుకుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది, అందరూ పడేది ఇందులోనే. ఒకే ట్యాంకు, ఒకేలాంటి పెట్టె, లోపల మాత్రం మూడు నాలుగు రకాలు: మొత్తం ప్లాస్టిక్‌ది, గేర్‌బాక్సు మాత్రం మెటల్‌ది, ట్రాకులూ (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీలు) చక్రాలూ కూడా మెటల్‌వి. ఫొటోలో తేడా తెలియదు. ధర తక్కువ కనపడిందంటే లోపల ప్లాస్టిక్ గేర్లు ఉన్నాయనే అనుకోండి.

నా మొదటిది అలాంటిదే. ప్లాస్టిక్ గేర్‌బాక్సు మోడల్ తీసుకున్నా. రెండు నెలలకి తెలివితేటలు ఎక్కువై మెటల్ ట్రాకులు విడిగా తెప్పించి వేశా. చూడటానికి ఏముంది, నేల మీద గలగలమని పోతుంటే అసలు ట్యాంకే. మూడో రోజు పద్మాక్షి గుట్ట దగ్గర చిన్న ఎత్తు ఎక్కిస్తుంటే కుడివైపు కటకటమని శబ్దం, తర్వాత ట్యాంకు అక్కడే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది, గానుగెద్దులాగా. ఇంటికొచ్చి కింద ప్లేటు విప్పితే గేర్‌బాక్సు నిండా తెల్లటి పొడి. ఒక గేరుకి నాలుగు పళ్లు లేవు, మిగిలినవి అరిగి గుండ్రంగా అయిపోయాయి. మెటల్ ట్రాకు బరువంతా ఆ ప్లాస్టిక్ పళ్ల మీద పడింది మరి. కాబట్టి ఎప్పుడైనా వరుస ఇదే: ముందు గేర్‌బాక్సు, తర్వాత ట్రాకుని తిప్పే పళ్ల చక్రం, ఆ తర్వాతే ట్రాకులు. డబ్బులు ఒకేసారి లేకపోతే మెటల్ గేర్‌బాక్సు, ప్లాస్టిక్ ట్రాకులు ఉన్నది తీసుకోండి. తిరగేసి కొంటే నాలాగే ఒకే పనికి రెండుసార్లు డబ్బు పెడతారు.

ట్రాకు అనగానే మా మామ గుర్తొస్తాడు. భూపాలపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బుల్‌డోజర్ నడిపి రిటైరయ్యాడు. నేను కొత్త ట్రాకు వేసి, వేలాడుతోందని వెనక చక్రం స్క్రూ తిప్పి వీణ తీగలా బిగిస్తుంటే పక్కన కూర్చుని చూసి "గంత బిర్రుగ గుంజకురా, మోటరు సస్తది. జర లూజు ఉండనియ్" అన్నాడు. బొటనవేలుతో పై ట్రాకును నొక్కి చూపించాడు, పై చక్రాల మధ్యలో కొంచెం కిందికి దిగాలి, వదిలితే మళ్లీ పైకి రావాలి. డోజర్‌కి గ్రీజు కొట్టి చైన్ బిగిస్తారట, బురదలో పని ఉంటే ఇంకా లూజుగా పెడతారట, ఎందుకంటే పళ్ల మధ్యలో మట్టి చేరితే చైన్ తనంతట తానే బిగుస్తుంది. ఆ రోజు వరకు నాకు ట్యాంకు ఎందుకు పది నిమిషాలకే వేడెక్కుతోందో అర్థం కాలేదు. తర్వాత అదే బ్యాటరీ ఇంకాసేపు ఎక్కువ వచ్చింది. మరీ లూజు పెడితే మాత్రం మలుపులో ట్రాకు జారి పడిపోతుంది, మధ్యస్థంగా ఎక్కడ ఆపాలో వేలికి తెలియాల్సిందే.

తమియా వేరే లోకం. ఇది ట్యాంకు కొనడం కాదు, కొన్ని వారాల సాయంత్రాలు కొనుక్కోవడం. 1/16లో వాళ్ల ఫుల్ ఆప్షన్ కిట్లు, టైగర్-1, కింగ్ టైగర్, షెర్మన్, పాంథర్, లెపర్డ్ 2ఏ6 లాంటివి, విడి భాగాలుగా వస్తాయి: మోటర్లు, గేర్‌బాక్సు ముక్కలు, స్పీకరు, శబ్దం చేసే యూనిట్టు. గన్ను కాల్చినప్పుడు వెనక్కి తన్నడం, మెరుపు, బాడీ ఊగడం, అదంతా చూస్తే చైనాది నిజంగానే బొమ్మలా కనిపిస్తుంది, అది ఒప్పుకోవాలి. కానీ పెట్టెలో రిమోటూ రిసీవరూ ఉండవు, బ్యాటరీ ఉండదు, ఛార్జరు ఉండదు, పెయింటు అసలే ఉండదు. కిట్టే యాభై వేల పైమాట, ఇవన్నీ కలిపితే లెక్క ఎక్కడికో పోతుంది. పెయింటు వేయడం రాని వాడు తమియా కొంటే ముడి ప్లాస్టిక్ రంగు ట్యాంకు బల్ల మీద కూర్చుని రోజూ వెక్కిరిస్తుంది.

కట్టడంలో మాత్రం ఎవరూ దానికి సాటి రారు. మాన్యువల్‌లో స్క్రూ బొమ్మ అసలు సైజులోనే వేసి ఉంటుంది, చేతిలో స్క్రూను కాగితం మీద పెట్టి పోల్చుకుంటే చాలు. ఒక చిన్న హెచ్చరిక: ఆ స్క్రూలు జపాన్ కొలత ప్లస్ తలలు. మన హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ సరిగా కూర్చోదు, జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ అని రాసి ఉన్న స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కోండి, బైకు మెకానిక్‌లలో కొందరి దగ్గర ఉంటుంది. మెటల్‌లోకి పోయే స్క్రూలకు మాత్రమే థ్రెడ్‌లాక్ (స్క్రూ ఊడకుండా పట్టే జిగురు) చుక్క, ప్లాస్టిక్‌లోకి పోయేవాటికి వేస్తే ప్లాస్టిక్ పగులుతుంది.

కస్టమ్స్ గురించి చెప్పకపోతే ఈ పోలికంతా దండగ. బొమ్మల మీద బేసిక్ డ్యూటీ 2020 బడ్జెట్లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు, దాని మీద జీఎస్టీ. మీ పార్సిల్‌ను దేని కింద లెక్క వేస్తారన్నది వాళ్ల చేతిలో పని, కాబట్టి వెబ్‌సైట్లో ధర చూసి సంబరపడకండి, దాదాపు రెండింతలు చేతిలో పెట్టుకునే ఆర్డర్ పెట్టండి. చిన్న ప్లాస్టిక్ గుళ్లు కాల్చే మోడల్ వద్దు, గుళ్లకు బదులు కంటికి కనపడని కాంతితో కాల్చే ఇన్‌ఫ్రారెడ్‌ది తీసుకోండి. గన్ను అనే మాట పార్సిల్ మీద కనబడితే వచ్చే ప్రశ్నలు వేరు, పైగా ఇంట్లో పిల్లల కళ్లున్నాయి. లిథియం బ్యాటరీ ఉంటే విమానంలో రావడానికి తంటా, బ్యాటరీ లేకుండా తెప్పించి ఇక్కడే కొనుక్కోవడం మేలు. నా పార్సిల్ ఒకటి ఆరు వారాలు ఎక్కడుందో తెలియకుండా పోయింది, ట్రాకింగ్ నంబర్ ఇచ్చిన అమ్మకందారు ఫోన్ ఎత్తడం మానేశాడు. చివరికి వచ్చింది, ఒక యాంటెనా విరిగి. అప్పటి నుంచి నేను మన దేశంలో స్టాకు పెట్టుకుని అమ్మేవాడి దగ్గర రెండు మూడు వేలు ఎక్కువైనా ఇచ్చి కొంటున్నా, కనీసం ఎవర్ని తిట్టాలో తెలుస్తుంది.

ఇప్పుడు ఏ ట్యాంకు అన్నది. దీన్ని అందరూ అందం చూసి తేలుస్తారు, నేను మట్టి చూసి తేలుస్తా. టైగర్‌కి పెద్ద చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు, అల్లినట్టు ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో రష్యా చలికి ఆ చక్రాల మధ్య బురద గడ్డకట్టి ట్యాంకులు కదలలేదని చదువుతుంటాం. మనకు చలి లేదు కానీ నల్లరేగడి ఉంది. పరకాల వైపు పత్తి చేనులో వానాకాలం ఒకసారి తోలి చూడండి, పది మీటర్లకు చక్రాలు కనిపించవు, మట్టి ముద్ద మాత్రమే కదులుతుంది. తర్వాత పాత టూత్‌బ్రష్షుతో రెండు గంటల పని. సోవియట్ ట్యాంకు టీ-72కి ఒక్కో వైపు ఆరు చక్రాలు విడివిడిగా, మధ్యలో ఖాళీ, పైపుతో నీళ్లు కొడితే అయిపోతుంది. నీళ్లు కొట్టేది చక్రాలకే, పైనకి కాదు, లోపల సర్క్యూటు బోర్డు ఉంటుంది. ఎర్ర చెల్క, మొరం నేలల్లో తోలేవాళ్లకు బురద బాధ తక్కువే, కానీ సన్న గులకరాయి పళ్ల చక్రానికీ ట్రాకుకీ మధ్య ఇరుక్కుంటే ట్రాకు ఊడి వచ్చేస్తుంది, పోత మెటల్ లింకులైతే విరుగుతాయి కూడా. వడ్డేపల్లి చెరువు కట్ట పక్కన గడ్డి నేల, పొద్దున్నే, ఇదే నాకు నచ్చిన చోటు.

టీ-72 ఎంచుకోవడానికి ఇంకో కారణం, అది మన దగ్గర కూడా ఉన్నదే. మన సైన్యంలో దాని పేరు అజేయ, టీ-90కి భీష్మ. హెంగ్‌లాంగ్ రెండూ 1/16లో చేస్తుంది. చిన్న చిన్న తేడాలు సరిచేసుకుని మన రంగులు వేసుకుంటే బల్ల మీద ఇంకో జర్మన్ టైగర్ ఉన్నదానికంటే నాకు అదే ముద్దుగా ఉంటుంది. మన సొంత డిజైన్ ట్యాంకు అర్జున్ కావాలనుకుంటే సొంతంగా చేసుకోవాల్సిందే, రెడీమేడ్‌లో నాకు కనపడలేదు. మన సంగారెడ్డి పక్కన ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారయ్యే బీఎంపీ-2 సారథ్ (సైనికులను మోసే ట్రాకుల కవచ వాహనం) కూడా అంతే. నా తర్వాతి పని అదే అనుకుంటున్నా, అనుకోవడం మొదలై రెండేళ్లయింది.

సొంత తయారీ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వరంగల్‌లో కూర్చుని నిజంగా పెద్ద ట్యాంకు కావాలంటే ఇదొక్కటే అందే దారి. 1/8 స్కేలు తీసుకోండి, టీ-72 బాడీ 87 సెంటీమీటర్లు, వెడల్పు 45. బాడీకి ఫ్లెక్స్ బోర్డుల షాపుల్లో దొరికే ఫోమ్‌షీటు, సన్‌బోర్డ్ అంటారు, ఐదు మిల్లీమీటర్లది. కట్టర్‌తో కోయొచ్చు, ఫెవిక్విక్‌తో అతుకుతుంది, నీళ్లకు పాడవదు. కింద బరువు మోసే చట్రం మాత్రం అల్యూమినియం యాంగిల్‌తో, సన్‌బోర్డ్‌ని నమ్ముకుంటే మొదటి గుంతలోనే వంగుతుంది. ట్రాకుకి రెండు సైకిల్ చైన్లు పక్కపక్కన పెట్టి అడ్డంగా చిన్న పట్టీలు బిగిస్తారు, పళ్ల చక్రం సైకిల్ షాపులోదే.

మోటర్లకి పాత కారు వైపర్ మోటర్లు. 12 వోల్టులు, లోపలే వర్మ్ గేరు ఉంటుంది కాబట్టి నెమ్మదిగా బలంగా తిరుగుతుంది, ట్యాంకుకి కావాల్సింది సరిగ్గా అదే. స్క్రాపులో జత కొనేటప్పుడు రెండూ ఒకే కారువి, ఒకే వైపు తిరిగేవి తీసుకోండి, లేదంటే ట్యాంకు తిన్నగా పోదు. ఒక చిక్కు ఎవరూ ముందు చెప్పరు: చాలా వైపర్ మోటర్లలో నెగటివ్ వైరు మోటరు బాడీకే కలిపి ఉంటుంది. కారులో వైపర్ వెనక్కి తిరగాల్సిన పని లేదు కదా. మనం ముందుకీ వెనక్కీ తిప్పుతాం, రెండు మోటర్లనీ ఒకే అల్యూమినియం చట్రానికి బిగిస్తే ఒకటి ముందుకి, ఇంకొకటి వెనక్కి తిప్పగానే చట్రం ద్వారా షార్ట్ అవుతుంది. నా స్నేహితుడి మోటర్ డ్రైవరు బోర్డు (మోటర్లకు కరెంటు పంపేది) అలాగే పొగై పోయింది, తప్పు బోర్డుదని ఇంకొకటి కొన్నాడు, అదీ పోయింది. మోటరు కింద రబ్బరు వాషర్లు వేసి, బోల్టులకు ప్లాస్టిక్ తొడుగులు వేసి, మల్టీమీటర్‌తో బాడీకీ చట్రానికీ మధ్య బీప్ రావట్లేదని చూసుకున్నాకే కరెంటు ఇవ్వండి. బ్యాటరీ వైరులోనే ఫ్యూజు.

కాలేజీ పిల్లలు చేసే ట్యాంకుల్లో ఇంకో తప్పు తరచూ చూస్తున్నా. పొడుగ్గా సన్నగా కడతారు, తిన్నగా బ్రహ్మాండంగా పోతుంది, మలుపు తిప్పితే మోటర్లు మూలుగుతాయి. ట్రాకు నేలకు ఆనే పొడవుని రెండు ట్రాకుల నడిమి దూరంతో భాగించి చూడండి. టైగర్‌కి అది 1.3 దగ్గర, టీ-72కి 1.5 దగ్గర. మీది రెండు దాటిందంటే మలుపులో ట్రాకు నేలను పక్కకి ఈడ్చాలి, ఆ బలమంతా మోటర్ల మీదే. వెడల్పు పెంచండి, మోటరు మార్చడం దండగ.

3డీ ప్రింటింగ్ గురించి అడుగుతారు. మంచిదే, చక్రాలకూ చిన్న భాగాలకూ. కానీ ప్రింటింగ్‌లో మామూలుగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెలలో ఇక్కడ నీడలోనే 44, 45. నేను ప్రింటు చేయించిన పళ్ల చక్రాలు రెండు స్కూటీ డిక్కీలో పెట్టి కాజీపేటలో ఫంక్షనుకి పోయా. భోజనం చేసి వచ్చేసరికి ఒకటి అప్పడంలా వంకర తిరిగింది, రెండోది దానికి అతుక్కుంది. పీఈటీజీ ప్లాస్టిక్ అడగండి, ఎండను బాగా తట్టుకుంటుంది, ధరలో పెద్ద తేడా రాదు.

రిమోట్ సంగతి రెండు ముక్కల్లో. సొంతంగా చేసేవాళ్లు ఆరు ఛానళ్ల ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 తీసుకుంటే చాలు, అందులో ఎలివాన్ మిక్స్ ఆన్ చేస్తే ఒకే స్టిక్‌తో రెండు మోటర్లూ కలిసి పనిచేస్తాయి. పెద్ద ట్యాంకుకి సిగ్నల్ పోయినప్పుడు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, రిమోట్ ఆఫ్ చేసి పరీక్ష చేయండి, పదిహేను కిలోలది కాలి మీదకి ఎక్కితే బొమ్మ అనిపించదు. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ అయితే ఒక్కో సెల్ 3.3 వోల్టుల దగ్గరే ఆపేయండి, ఉబ్బినదాన్ని ఇంట్లో ఉంచకండి.

తమ్ముడికి చివరికి నేను చెప్పింది: నువ్వు తోలడానికి ఆశపడుతున్నావా, కట్టడానికా? వాడు కాసేపు ఆలోచించి "తోలుడే అన్నా" అన్నాడు. మరైతే మెటల్ గేర్‌బాక్సు ఉన్న హెంగ్‌లాంగ్ టీ-72, ఇన్‌ఫ్రారెడ్‌ది, ప్లాస్టిక్ ట్రాకులతో. పక్క వీధిలో వాడి ఫ్రెండు కూడా కొంటానంటున్నాడట, ఇద్దరివీ ఒకే రకం ఇన్‌ఫ్రారెడ్ అని అమ్మేవాడిని అడిగి తెలుసుకోమన్నా, లేకపోతే ఒకడు కాల్చింది ఇంకొకడికి తగలదు. కట్టడమే ఇష్టం అని ఉంటే, డబ్బులు కూడబెట్టి తమియా షెర్మన్ అనేవాణ్ణి. ఎన్‌ఐటీలో చదివే పిల్లగాడైతే ఈ రెండూ కాదు, స్క్రాపు షాపుకి పంపేవాణ్ణి.

పార్సిల్ వచ్చిందని నిన్న ఫోన్ చేశాడు. ఇంకా తోలకు అన్నా. ముందు కింద ప్లేటు విప్పి, గేర్‌బాక్సు స్క్రూలు ఒక్కొక్కటీ పట్టి చూడు, ఫ్యాక్టరీలో సగం లూజుగానే వదులుతారు. గ్రీజు ఉందో లేదో చూడు, లేకుంటే అగ్గిపుల్లతో కొంచెం రాయి, ముద్దలు పెట్టకు, ముద్దకు మట్టి అంటుకుంటుంది. ట్రాకు మీద బొటనవేలు నొక్కి చూడు. తోలుడు రేపు.